వెనక దండె

నేను చెబుతుంటే మా ఊరి బడిపంతులుగారు రాస్తున్నారు. నాకు కళ్ళు లేవు, అక్షరాలూ రావు. "పాపం" అనే మాట ఎక్కడా వెయ్యకూడదని ముందే షరతు పెట్టాను. అలవాటు కొద్దీ ఆయన రెండు చోట్ల వేశారు. చదివి వినిపించినప్పుడు రెండూ కొట్టించాను.

పదేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. ప్రాణం వదిలి కళ్ళు పట్టుకుపోయింది. అప్పటినుంచి ఎండ, నీడ తేడా తెలుస్తుంది, అంతే. కాళ్ళూ భుజాలూ మాత్రం మా ఇంటి మగవాళ్ళందరికీ ఉన్నట్టే గట్టిగా ఎదిగాయి. వాటితో ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరి పీచు ఇచ్చి తాడు పేనమన్నారు. పదేళ్ళు పేనాను. కోనసీమలో ఉన్న పడవలన్నిటినీ కట్టి పడెయ్యడానికి చాలినంత తాడు పేనాను. నాకు తాడంటే ఇప్పటికీ ఒళ్ళు మంట.

మాది పల్లకీ మోసే ఇల్లు. ఊరు అమలాపురానికి దగ్గర. మా అమ్మ తమ్ముడు, నా మేనమామ, పెద్ద బోయీ. పల్లకీ మోసే కర్రను దండె అంటాం. ముందు దండెలో మొదటివాడుగా నడిచేది ఆయనే. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, మా వైపు కొత్త కాలవలు తవ్వుతున్న రోజులవి. ఒక మాఘమాసంలో మా ఊరి శిస్తు అనుభవించే మొఖాసాదారుగారి తల్లి సింహాచలం మొక్కుకున్నారనీ, వైశాఖంలో ప్రయాణమనీ కబురు వచ్చింది. కోటిపల్లి రేవు దాటి, ద్రాక్షారామం మీదుగా వారం రోజులు పైబడిన మోత. ఎనిమిది మంది కావాలి. నలుగురు మోస్తుంటే నలుగురు వట్టి చేతులతో నడుస్తారు, అలిసినప్పుడు భుజం మారుస్తారు. మావాళ్ళలో ఒకడు కాలవ పనికి పోయాడు. ఏడుగురే మిగిలారు.

ఎనిమిదోవాణ్ణి నేనన్నాను. మావయ్య నవ్వలేదు, అది ఇంకా ఒళ్ళు మండించింది. బోయీకి కాళ్ళకన్నా కళ్ళు ముఖ్యమని నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"వెనక దండె వాడికి కళ్ళెందుకు మావయ్యా?" అన్నాను.

నిజమే కదా. పల్లకీ పెట్టె వాడి మొహానికి అడ్డంగా ఉంటుంది. దారి కనిపించదు, తన పాదాలే తనకు కనిపించవు. ముందువాడు చూసి కేక వేస్తాడు. ఎడమ గొయ్యి అంటాడు, జారుడు అంటాడు, మోకాలి లోతు నీళ్ళు అంటాడు. వెనకవాళ్ళు ఆ మాటను తిరిగి పైకి అనాలి. అంటే విన్నట్టు. అనకపోతే ముందువాడు ఆగిపోతాడు. పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో వింటున్న కేకలే అవి. వెనక దండెలో నడిచే ప్రతివాడూ ఆ కాసేపు నాలాంటివాడే. నేను ఈ మాట అన్నాక మావయ్య కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

సరే, నా సాధన నేనే చేసుకుంటానన్నాను. పక్క వీధిలో కాపురం ఉన్న మా అక్క ముందుకొచ్చింది. పొడుగాటి వెదురు తెచ్చి, మధ్యలో తడి ఇసుక నింపిన రెండు గోతాలు వేలాడగట్టింది. ముందు అక్క, వెనక నేను. ఆడది దండె ఎత్తుకోవడం మా కులంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. జనం లేవకముందే చీకటితో వెళ్ళొద్దామంది అక్క. నేను ఒప్పుకోలేదు. ఎండెక్కాకే వెళ్దాం, అందరూ చూడాలి, నవ్వేవాళ్ళు తనివితీరా నవ్వుకోవాలి అన్నాను. నవ్వారు. కాలవ గట్టు మీద మా వెంట నడిచి మరీ నవ్వారు. అక్క బరువు దించకుండానే ఒక్కొక్కరికీ వాళ్ళ వంశం గురించి తెలియని సంగతులు చెబుతూ నడిచేది. తిట్టినప్పుడల్లా అడుగు తప్పేది.

మొదటి రోజు ఊరి చివరి తూము దాకా వెళ్ళేసరికి నా భుజం తోలు లేచిపోయింది. పసుపూ కొబ్బరినూనే పట్టించుకుని మర్నాడు రెండో భుజం మీద ఎత్తుకున్నాను. మోకాళ్ళు కాస్త వంచి, పొట్టి అడుగులు వెయ్యాలి. ముందువాడు కుడికాలు వేసినప్పుడు వెనకవాడు ఎడమకాలు వెయ్యాలి, అప్పుడే పల్లకీ ఊగదు. ఊపిరి అడుగుతో కలవాలి. కలిసిన రోజున బరువు సగమవుతుంది. అది నాకు ఫాల్గుణంలో కలిసింది. ఆ రోజు ముక్తేశ్వరం దాకా వెళ్ళి, గోదావరి నీళ్ళు మొహాన కొట్టుకుని, చద్దన్నం తిని, పొద్దు వాలకముందే తిరిగి వచ్చాం. ఊళ్ళోకి వచ్చేటప్పుడు నవ్వు వినపడలేదు. నాకు గర్వంగా ఉంది. ఎందుకుండకూడదు?

చైత్రంలో మావయ్యకు పరీక్ష పెట్టక తప్పింది కాదు, ఎనిమిదోవాడు ఎక్కడా దొరకలేదు మరి. పల్లకీలో అమ్మగారి బరువుకు సరిపడా ఇసుక మూటలు వేసి, అంచుదాకా నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు పెట్టారు. చుక్క తొణకకుండా గట్టు మీద ఆ చివరిదాకా వెళ్ళి రావాలి. మావయ్యా ఇంకొకడూ ముందు, దండెకు కుడివైపు. ఆ రెండోవాడు మావయ్య వీపును చూసి నడిచేవాడే. వెనక పెట్టెను ఆనుకుని నేను, నా వెనక మరొకడు, ఎడమవైపు. మావయ్య కేకలు వేస్తున్నాడు, నేను తిరిగి అంటున్నాను. తూము, పల్లం, తాటిదుంగ, అన్నీ సరిగ్గా దాటాం. తిరిగి వస్తుంటే ఉన్నట్టుండి నా ఎడమకాలి కింద నేల లేదు. కొత్తగా మట్టి తవ్విన గొయ్యి. కేక రాలేదు. నేను నడుము దాకా దిగిపోయాను, పల్లకీ ఒరిగింది, చెంబు దొర్లింది.

గట్టంతా గొల్లున నవ్వింది. కళ్ళు లేనివాణ్ణి పెట్టుకుంటే ఇంతేనన్నాడు మావయ్య.

కావాలనే కేక వెయ్యలేదని నాకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం తేల్చుకుందామని ఆయన ఇంటికి వెళ్ళాను. అన్నం తింటున్నాడు. అత్తయ్య విస్తట్లో ఏది ఎక్కడ వడ్డించిందో చెప్పి పెరట్లోకి వెళ్ళింది. తిట్లన్నీ దారిలోనే కూర్చుకుని వచ్చాను. నోరు తెరవబోతూ ఒక చప్పుడు విని ఆగిపోయాను. అరచెయ్యి బోర్లా పెట్టి నేల మీద మెల్లగా జరుపుతున్న చప్పుడు. ఆ చెయ్యి మంచినీళ్ళ చెంబు అంచుకు తగిలి ఆగింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ప్రతిపూటా నేను చేసేదే.

"నిన్న ఆ గొయ్యి నీకు కనపళ్ళేదు కదా మావయ్యా?"

చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు. తరవాత చిన్న గొంతుతో చెప్పాడు. రెండేళ్ళుగా పొర కమ్ముతోందట. పాత దారులన్నీ కాళ్ళకు తెలుసు కాబట్టి గుర్తున్న గోతులకు కేకలు వేస్తున్నాడట. కొత్త కాలవల తవ్వకంతో దారులు మారిపోతున్నాయి, గోతులు మారిపోతున్నాయి. తెలిస్తే తనకూ పీచు ఇచ్చి అరుగు మీద కూర్చోబెడతారని భయం.

నాకు జాలి కలగలేదు. పంతులుగారు కలిగిందని రాయబోయారు, వద్దన్నాను. నాకు కోపం వచ్చింది. కళ్ళు లేనివాడు రెండేళ్ళు అందరికన్నా ముందు నడిస్తే ఎవరికీ కనపడలేదు. నేను వెనక నడుస్తానంటే ఊరంతా కళ్ళు పెట్టుకుని చూసింది. అన్నీ తెలిసి, అందరి ముందూ నన్ను ఆ మాట అన్నాడు. అదే ఆయనతో అన్నాను. ఆయన అన్నం వదిలేశాడు.

చివరికి నా మాట చెప్పాను. ముందు దండెకు కళ్ళున్నవాణ్ణి పెట్టు. నువ్వు నాతో వెనక దండెకు రా. కాదంటే ఇప్పుడే వీధిలోకి వెళ్ళి చెబుతాను.

"ఊళ్ళో ఏం చెప్పుకోనురా?"

"గుడ్డోణ్ణి కనిపెట్టుకుని ఉండడానికి వెనక్కి వచ్చేనని చెప్పుకో. నేను కాదనను."

ఆ మాట ఇవ్వడానికి నాకు ఎంత కష్టమైందో ఆయనకు తెలుసు. సరేనన్నట్టు ఆయ్ అన్నాడు, అంతే.

వైశాఖంలో బయలుదేరాం. పెట్టె వెనక నేను, నా వెనక మావయ్య. ముందునుంచి కేక వస్తే నేను తిరిగి అనేవాణ్ణి. మావయ్య మాత్రం పెదవి కదిపేవాడు కాడు. ఎవరూ తప్పు పట్టలేదు, పెద్ద బోయీ కదా. కోటిపల్లి రేవులో పడవ ఎక్కేటప్పుడు, ద్రాక్షారామం సత్రంలో, తుని దగ్గర చలివేంద్రంలో, ఎక్కడ దించినా ఒకటే మాట. మేనల్లుణ్ణి ఎంత పదిలంగా తెచ్చుకుంటున్నాడో అని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. నేను పళ్ళు నూరుకునేవాణ్ణి. ఒక్క అడుగు కూడా తప్పలేదు. అమ్మగారు పల్లకీలో నిద్రపోయేవారు. ఆ గురక ఒక్కటే నాకు దక్కిన మెప్పు.

సింహాచలం కొండ కింద పల్లకీ దించాం. అమ్మగారికి అక్కడినుంచి డోలీ కుదిర్చారు. ఎక్కేముందు ఆవిడ మావయ్యను పిలిచి కొత్త పంచె ఇచ్చారు. కళ్ళు లేనివాణ్ణి కాపాడుకుంటూ ఇంత దూరం తెచ్చినందుకట. మావయ్య పుచ్చుకున్నాడు. నిజం నా నోటి దాకా వచ్చింది. మాట ఇచ్చానని మింగేశాను.

మేం కూడా దర్శనానికి బయలుదేరాం. మిగతా ఆరుగురూ వెనక వస్తున్నారు. నేను కర్రతో తడుముకుంటూ మెట్ల దగ్గరికి వచ్చాను. నా పక్కన నడుస్తున్న మావయ్య ఆగిపోయాడు. ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని నా భుజం పట్టుకుంది, దండె ఒరుసుకుని కాయ కాసిన చోట. ఆ దారి ఆయన కాళ్ళకు తెలియనిది.

నేను మొదటి మెట్టు ఎక్కి, ఆయనకు మాత్రమే వినపడేలా అన్నాను.

"మెట్టు."

ఆయన కదల్లేదు. వెనక వస్తున్నవాళ్ళు ఆగారు. ఎందుకాగావని ఎవరో అడిగారు. నేను మళ్ళీ మెల్లగా అన్నాను. అప్పుడు మావయ్య గొంతు సవరించుకుని, పెద్ద బోయీ గొంతుతో, ఆరుగురికీ వినపడేలా తిరిగి అన్నాడు.

"మెట్టు."

వెనక ఆరుగురి అడుగులూ మళ్ళీ కదిలాయి. కొండపైదాకా నేను అంటూనే ఉన్నాను, ఆయన ప్రతి మెట్టుకూ తిరిగి అంటూనే వచ్చాడు.