ధర్మకాంట మీద మూడు డబ్బాల పరీక్ష

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను చూసి "మంచిగనే ఉన్నవు రా" అన్నారంటే వాళ్లకు నాతో ఏదో పని పడిందని అర్థం. ఇరవై రెండేళ్ల వయసు, నలభై ఏడు కిలోల బరువు. సన్నగా ఉండడం నేరమేమీ కాదు కానీ, గోదావరిఖనిలో నా విషయంలో అది నేరమే అయింది. నాన్న బొగ్గుబావిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి మోకాళ్లు అరగ్గొట్టుకున్నాడు. తను తప్పుకుని ఆ ఉద్యోగం నాకు ఇప్పించాలని కాగితాలు పెట్టాడు. నేను దవాఖానలో పరీక్ష నెగ్గితేనే ఆయనకు విశ్రాంతి, అందాకా బావిలోకి దిగక తప్పదు. "యాభై కిలోలు లేకుంటే వాపస్ పంపుతరు" అని కాలనీ అంతా అనేది. అంటే నా ఒంట్లో లేని మూడు కిలోల కోసం నాన్న రోజూ కుంటుకుంటూ డ్యూటీకి పోతున్నాడన్నమాట.

అప్పుడు నడుం కట్టాడు మా అక్క మొగుడు, జిమ్ము బావ. (రోజూ జిమ్ముకు వెళ్లేవాడు కాబట్టి ఆ పేరు. వెళ్లి ఏం చేసేవాడో ఆయన పొట్ట చూస్తే తెలిసేది కాదు.) హైదరాబాదు నుంచి మూడు రకాల వే ప్రోటీన్ డబ్బాలు మోసుకొచ్చాడు. మూడింటి మీదా పచ్చటి ఆకు బొమ్మ, అంతా సహజమేనన్న హామీ. "వే అంటే ఏంది అల్లుడా?" అని అమ్మ అడిగింది. "పాలు ఇరిగితే తేట నీళ్లొస్తయి గద అత్తమ్మా, గవాటిని పొడి చేస్తరు" అన్నాడు బావ. "మేం పారబోసేటియా!" అని అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏ డబ్బా ఎంత సహజమో తేల్చడానికి బావ ఒక పద్ధతి కనిపెట్టాడు. డబ్బా మీది పేర్లన్నీ మా అవ్వకు చదివి వినిపించాలి. ఆమెకు తెలిసిందైతే సహజం, తెలియకపోతే మందు. ఏలకులు, బెల్లం దాకా అవ్వ హాయిగా తలూపింది. లెసిథిన్ అనగానే ఆపి, "గాయన ఏ ఊరాయన?" అంది. ఆ డబ్బాకు రెండు మార్కులు తగ్గాయి.

ఒక్కో పొడి పది రోజులు తాగాలి. నీళ్లలో కలిసిందా, ఉండలు కట్టిందా, త్రేన్పు ఏ వాసన వచ్చింది, అన్నీ బావ నోటుబుక్కులో ఎక్కేవి. మొదటిది బట్టల సబ్బులా నురగలు కక్కింది. రెండోది చాక్లెట్ అన్నారు గానీ పాత అటుకుల వాసన. మూడోది తడిసిన సున్నం. ఇవన్నీ ఒక ఎత్తు, బావ పెట్టిన షరతు ఒక ఎత్తు. "అన్నం గిట్ల దబాయించి తింటే, బలం పొడిదా అన్నందా ఎట్ల తెలుస్తది? పరీక్షంటే పరీక్షే!" నాకిది గొప్ప శాస్త్రంలా తోచింది. పూటకు రెండు ముద్దలు తిని లేచేవాణ్ని. అమ్మ కంచం పట్టుకుని వెంటపడితే "పరీక్ష చెడిపోతదే" అని కసిరేవాణ్ని. అమ్మను అలా కసిరినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

బరువు చూడ్డానికి కిరాణం కాంటను బావ నమ్మలేదు. ప్రతి ఆదివారం బొగ్గు లారీలను తూచే ధర్మకాంటకు నడిపించేవాడు. లారీ దిగిపోగానే ఆ మైదానమంత ఇనుప పలక మీద నేనొక్కణ్నే నిలబడేవాణ్ని. అది ఇరవై కిలోల చొప్పున తప్ప చూపదు. యాభై దాటితే అరవై, దాటకపోతే నలభై. "మనకు కావాల్సింది గదే గద!" అనేవాడు బావ. కాంట చూసే కాక (ఆ పెద్దాయనను అందరం అలాగే పిలిచేవాళ్లం) తన గది కిటికీలోంచి "నలభై!" అని అరిచేవాడు, వెనక లారీల డ్రైవర్లు నవ్వేవారు. నాలుగు వారాలూ నలభయ్యే. అయిదో ఆదివారం నాన్న కూడా వెంట వచ్చి నా వెనక, పలక అంచు అవతల నిలబడ్డాడు. కాక అరిచాడు, "అరవై!" బావ నన్ను ఎత్తుకోబోయి (చాలా తేలికగానే లేచాను, అప్పుడైనా అనుమానం రావాల్సింది) తడిసిన సున్నానికి మొదటి ర్యాంకు ప్రకటించి కాలనీకి జిలేబీలు పంచాడు.

మూడో రోజే దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. ఛాతీ విరుచుకుని వెళ్లి అక్కడి కాంట ఎక్కాను. నలభై నాలుగు. డాక్టరు నా కనురెప్ప లాగి చూసి, "ఏంది బాబూ, ఇంట్ల అన్నం పెడ్తలేరా?" అన్నాడు. నెల తర్వాత రమ్మన్నాడు. నేను తిన్నగా ధర్మకాంటకు పోయి కాక మీద విరుచుకుపడ్డాను. "నా కాంట మీద ఎందుకు పడ్తవు? మీ నాయిన్ను అడుగు. నీ ఎనకకెళ్లి పలక మీద కాలు పెట్టిండు" అన్నాడు కాక.

ఇంటికెళ్లేసరికి నాన్న రెండో షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు. అడిగాను. ఆయన లేసు ముడి వేస్తూనే చెప్పాడు. "యాభై దాటిననుకుంటెనన్న ఆ పొడి ఇడిచిపెట్టి కడుపునిండ తింటవనుకున్న బిడ్డా. గింత జల్ది పిలుస్తరని నాకేమెరుక?" రెండో బూటు కూడా తొడుక్కుని, "ఫికర్ చెయ్యకు. ఇంకో నెల దిగుత, ఏమైతది?" అని మోకాలు పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. బావ నోటుబుక్కు తెరవబోతే అక్క లాక్కుని పొయ్యిలో పడేసింది. అమ్మ పప్పు, పెరుగు వేసి అన్నం కలిపింది. ఏడుస్తూనే మూడుసార్లు పెట్టించుకున్నాను.

నెల తర్వాత యాభై ఒకటి తూగాను, ఉద్యోగం నాకొచ్చింది, నాన్న ఇంటిపట్టునున్నాడు. ఇప్పుడు నా బరువు ఎనభై ఆరు. అదే దవాఖానలో ఇంకో డాక్టరు పది కిలోలు తగ్గమని ఏటా చీటీ రాస్తాడు, నేనూ సరేనని తలూపి వస్తాను. రాత్రి రెండు రొట్టెలతో లేవబోతుంటే పక్కన నాన్న తన కంచంలోంచి తలెత్తి నా భార్యతో అంటాడు, "ఇంకింత పెట్టు బిడ్డా వానికి. సగం కడుపుతోనే లేస్తుండు." నేను మళ్లీ కూర్చుంటాను.