వద్దన్నా వడ్డించినవాడి పెనాంగు ప్రయాణం

నిన్న మధ్యాహ్నం దాకా నేను పెనాంగు వెళ్లిపోతున్నానని ఊరంతా చాటుకుని తిరిగానా! ఇప్పుడు చూడండి, మీకు టీ పోస్తూ ఈ చీపురుపల్లిలోనే ఉన్నాను. ఏం జరిగిందో చెప్తాను గానీ, నవ్వకూడదు మరి.

మా సత్యం బావ తెలుసు కదా, మా అక్క మొగుడు. పదేళ్లుగా మలయాలో ఉంటున్నాడు. పెనాంగులో మన వంటల హోటలు పెడుతున్నాడు. ఆవ పెట్టిన అరటికాయ కూర, ఆనపకాయ బెల్లం పులుసు... అక్కడి రబ్బరు తోటల్లో మనవాళ్లు ఈ రుచికి మొహం వాచి ఉన్నారట. వండి వడ్డించే మనిషి కావాలి. పెళ్లివంటలు చేసి చేసి విసిగిపోయిన నాకు ఇంతకంటే ఏం కావాలి! కోటు అరువు తెచ్చుకుని మరీ పాస్‌పోర్టు ఫొటో తీయించుకున్నాను.

"ఊరికే తీసుకెలిపోనురా. ముందు పరీచ్చ," అన్నాడు బావ.

వరండాలో బల్ల వేయించాడు. ఒకపక్క మా వీధి మేష్టారు, ఇంకోపక్క ప్యాంటేసుకుని, టక్ చేసుకుని తను.

"నానిప్పుడు నీ బావని కాను, సైనావోడిననుకో. హోటల్లో రూలొకటే. ఇంకేటైనా కావాలా అని ఒక్కపాలి అడుగు. వద్దంటే వద్దే. ఎనక్కెలిపో."

"ఓస్, అంతేనా!" అన్నాను.

వండినవన్నీ ఇద్దరికీ వడ్డించాను. మేష్టారు ఆకు ఖాళీ చేశారు.

"ఇంకేటైనా కావాలా మేష్టారూ?"

"వద్దు నాయనా, చాలు."

వెనక్కి తిరిగాను. రెండడుగులు వేశాను. మూడో అడుగు పడితే ఒట్టు! మొదటిసారి వద్దనేది మర్యాదకే కదండీ? మనలో నాలుగోసారికి గానీ అసలు మాట బయటికి రాదు. గిర్రున తిరిగొచ్చి అన్నం వేసేశాను. ఆయన గబుక్కున ఆకుమీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. అప్పటికే నా పులుసు గరిట ఒరిగిపోయింది. చేతులు, చొక్కా, అంతా బెల్లం పులుసే!

"మొగమాటపడకండి మేష్టారూ!" అంటున్నాను నేను, సిగ్గులేకుండా.

అటుపక్క బావ, "నో! ఎనఫ్! ఎనఫ్!" అని అరుస్తున్నాడు.

"ఎనఫ్పేటి బావా! ఇలాగ లేపేస్తే అక్క నన్ను సంపేస్తాది. ఒక్క ముద్ద!"

అన్నం పెట్టాక పప్పు వేయకపోతే ఎలా? పప్పు వేశాక నెయ్యి? పులుసు తగలకపోతే తిన్నట్టేనా? బావ ఆకు మడిచేశాడు. నేను విప్పేసి పెరుగన్నం పెట్టాను. అన్నం పారేస్తే పాపం కదా, చైనావాడైనా పుట్టింది ఈ ఊళ్లోనే, కళ్లనీళ్లు పెట్టుకుని తినేశాడు.

ఆ తర్వాత బల్ల దగ్గర్నుంచి లేవలేకపోయాడు. సాయంత్రం ఎక్కాల్సిన ప్యాసింజరు కూత వేసుకుంటూ వెళ్లిపోయింది. మద్రాసులో ఓడకి ఇంకా టైముంది కాబట్టి నేను బతికిపోయాను.

"నిన్ను తీసుకెలితే హోటలు పక్కన ఆస్పత్రి కూడా కట్టాల్రా," అన్నాడు బావ, వాము నములుతూ.

ఇవాళ పొద్దున్న రైలెక్కేముందు హోటలుకి మనిషిని ఖాయం చేశాడు. ఎవర్నో తెలుసా? మా పెదనాన్న కొడుకు కన్నయ్యని! ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇవ్వాలన్నా గిలగిల్లాడిపోయే కన్నయ్యని! "వద్దంటే ఇనేవోడు ఊరికంతటికీ ఈడొక్కడే," అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది, నిజం.

కడుపునిండా పెట్టడం కూడా తప్పేనా, మీరే చెప్పండి? సర్లెండి, గ్లాసులిలా పట్టండి, ఇంకో అరగ్లాసు పోస్తాను. వద్దా? భలేవారే! ముందు గ్లాసుమీంచి ఆ చెయ్యి తియ్యండి, కాలుతుంది!