గాజు తలుపు పట్టుకున్న పాపానికి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. ఇరవై ఏళ్లు, బరంపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఎవరేం చెప్పినా "అలా అని ఎక్కడ రాసుంది?" అని అడిగే తెలివి (ఇప్పుడు మా అమ్మాయి అదే మాట అడిగితే తెలివిలా అనిపించదు). "మొకం తెలీనోల కాడే మర్యాదగుండాలే. మనోలైతే ఎలాగోలా సర్దుకుంటారు" అనేది మా మేనత్త. తెలియనివాళ్లకు మర్యాద చెయ్యడం మన దయే గాని విధి కాదని నా వాదన.

ఒక పెళ్లికి చీరలు కొనడానికి అత్త నన్ను కొత్తగా తెరిచిన దుకాణానికి తీసుకెళ్లింది. బయట సన్నగా వాన. అత్త లోపలికి వెళ్లాక, వెనక చంటిపిల్లతో ఎవరో వస్తుంటే గాజు తలుపు పట్టుకున్నాను. ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక నలుగురు. ఒక్కరూ నా మొహం చూడలేదు. ఒకాయన తడి గొడుగు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఒకావిడ చెప్పులెక్కడ విడవాలని ఒడియాలో అడిగింది. దుకాణం అమ్మాయిల యూనిఫారం, నా చుడీదారు ఒకే రంగని అప్పటికి గాని తెలియలేదు. ఒళ్లు మండి, గొడుగు మూలన పడేసి తలుపు వదిలేశాను. అది ధభాలున మూసుకుంది. అవతల మెట్టెక్కుతున్న ఒక ముసలమ్మ చటుక్కున ఆగిపోవడం చూశాను. చూడనట్టు నడిచాను.

అత్త నాలుగో చీర దగ్గర ఉండగా ఉండబట్టలేక బయటికొచ్చాను. ముసలమ్మ చూరు కింద, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

"ఏటి మామ్మా, ఇక్కడ కూకున్నావు?"

"నువ్వే కదమ్మా తలుపేసీసినావు. లోపల జనం ఎక్కువైపోనారేమో, మల్లీ తీస్తావులే అని సూస్తన్నాను. సమఖండి నుంచొచ్చాను. మనవరాలికి పెల్లిసీర కొనాల. బస్సెల్లిపోద్దేమో."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. అమ్మాయిలందరూ పనిలో ఉంటే నేనే బల్ల వెనక్కి వెళ్లి చీరలు విప్పి పరిచాను. అత్త నోరు తెరిచింది, నా కళ్లు చూసి మూసింది, తర్వాత గంభీరంగా "అమ్మాయ్, ఆ సిలకపచ్చది పెద్దమ్మకి సూపించు" అంది.

అదే నచ్చింది. వెళ్తూ ముసలమ్మ యజమానితో, "మంచి పిల్ల బాబూ. తలుపు కాడ నిలబెట్టీకు. జీతం పెంచు" అంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఎప్పుడు చేర్చుకున్నాడో గుర్తురాక, "అలాగేనమ్మా" అన్నాడు.

సంచీ మోసుకుంటూ బస్సు దాకా వెళ్లాను. కిటికీలోంచి నా గెడ్డం పట్టుకుని, "మల్లీ వస్తే నువ్వే సూపించాల" అంది. నేను ఆ దుకాణం మనిషిని కానని చెప్పడానికి నోరు తెరిచి, "అలాగే మామ్మా" అన్నాను.

తిరిగొచ్చాక అత్త మర్యాద సంగతే ఎత్తలేదు (ఎత్తితే వాదించి గెలిచేదాన్ని). వానలో తడుస్తూ, నిజంగానే ఉద్యోగం దొరికినంత హుషారుగా నడిచొచ్చిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తను ఓడిపోయిందని పాపం దానికి ఇంకా తెలియదు.