ముందు సీటు కింద నీళ్ళు

తెలీబంధాలో మా పక్కింట్లో ఉండే నర్సు అక్క ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేది కాదు. ఆ వానాకాలంలో మరీను. వాళ్ళ పాత కారులోకి ఎక్కణ్ణుంచో వాననీళ్ళు వచ్చేవి. కారు అక్కే నడిపేది. పక్క సీటులో కూర్చునే వాళ్ళాయనకు షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. ఒకరోజు ఇంటికొచ్చి మేజోళ్ళు విప్పితే, నానిపోయిన వేళ్ళ మధ్య పుండు కనిపించింది. అది ఆయనకు తెలియనే లేదు.

ఇద్దరు మెకానిక్కులు చూసి, బండి అమ్మేయమన్నారు. అక్క వినలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను పిలిచింది. డాష్‌బోర్డు కింద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, టార్చి పట్టుకుని అక్కడికే దూరింది. నేను కారు మీద బకెట్లతో నీళ్ళు పోశాను.

"ఇంకా పోయ్ తమ్ముడూ, జల్దీ జల్దీ!" అని లోపల్నుంచి అరిచేది. అంతలోనే బయటికొచ్చి అద్దం తడిమి, మళ్ళీ దూరేది.

ఆరో బకెట్‌కి పౌడరు మీద సన్నటి తడిగీత పడింది. ముందు అద్దం రబ్బరు ఓ మూల చీలి ఉంది. నీళ్ళు అక్కణ్ణుంచి జారి, సరిగ్గా ఆయన పాదాలుండే చోట పడుతున్నాయి.

"ఆస్పత్రిలో అందరి పుండ్లూ కడుగుతాను. ఇంట్లోది చూసుకోలేదు తమ్ముడూ," అంది.

మర్నాడే దగ్గరుండి కొత్త రబ్బరు వేయించింది. పుండు మానాక, జోరువానలో ఆయన్ని ధర్సీవా దాకా తిప్పుకొచ్చింది. దారిలో మూడుసార్లు బండి ఆపి ఆయన పాదాలు తడిమిందట. మూడోసారి ఆయన మెల్లగా అడిగారట:

"పొడిగానే ఉన్నాయా?"