అమ్మవారు అడిగిన జాలీ

నా చిన్నప్పుడు నల్లగొండ వైపు మా బాపు పనిచేసిన రైస్ మిల్లు ఎంత పెద్దదంటే, ఈ గోడ దగ్గర తుమ్మితే ఆ గోడ దగ్గర మర్నాడు వినపడేది. కథ చెప్పిన ప్రతిసారీ ఆ మిల్లు కొంత పెరుగుతుంది. దాని బెల్టు సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

బెల్టు తిరిగేచోట చేతులు పడకుండా ఇనుప జాలీ ఉండేది. దసరాకు దాన్ని విప్పి, చక్రానికి పసుపు కుంకుమ పెట్టి, పైన బంతిపూల దండ కట్టేవాళ్లు. పూజ చేసిన చక్రాన్ని వెంటనే మూసేస్తే అమ్మవారికి కోపమని, దండ ఎండి రాలేదాకా జాలీ లేకుండానే మిల్లు నడిపేవాళ్లు. ముందటి ఏడు అట్లా నడిపినప్పుడే బాపు జతగాడి చేయి మోచేతిదాకా పోయింది. మిల్లు యజమాని సేటు అతనికో బియ్యం బస్తా ఇచ్చి ఇంటికి పంపాడు.

ఈసారి ఆ జాగాలో నిలబడాల్సింది మా బాపు. జాలీ బిగించమని అడిగితే, "భయమైతే ఇంట్ల కూసో. నీ అసొంటోళ్లు మస్తుమంది వస్తరు" అన్నాడట సేటు. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లింది. మోటారు వేయబోతుండగా జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది.

"ఏమ్రా సేటూ! పండుగకని నా చీర విప్పితివి, మల్ల కట్టవా? గింతమంది మగోళ్ల నడుమ నన్ను గిట్లనే నిలవెడ్తవా?"

"తప్పయింది తల్లీ!" అంటూ సేటు జాలీని స్వయంగా మోసుకొచ్చాడు.

"బోల్టులు గట్టిగ బిగియ్యి" అని కూడా చెప్పింది అమ్మవారు.

తిరిగొస్తూ అడిగాను: "అవ్వా, నిజంగ అమ్మోరు వచ్చిందా?"

"వస్తదని సూసిన బిడ్డా. రాలే. గందుకే నేనే పోయిన." అంటూ అవ్వ విరబోసిన జుట్టు ముడేసుకుంది. అమ్మవారి పేరు వాడుకున్నందుకు ఆ ఏడంతా శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంది.

బాపు అడిగితే వినని మాటను అమ్మవారు అంటే విన్నాడు సేటు. అదే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. ఇప్పుడు నాకూ ఓ చిన్న మిల్లుంది. పూజ అయిన మరుక్షణం జాలీ బిగిస్తాను. మొన్న దసరా తర్వాత, తవుడు ఎత్తే అక్క ఉన్నట్టుండి తల ఊపింది. నాకు అవ్వ గుర్తొచ్చింది. మోటారు ఆపేశాను.

"ఏం జెప్తే నేను వినలేదక్కా?"

"తుమ్మొస్తాంది సేటూ. మూతికి కట్టుకునేటివి తెప్పియ్యమని ఎండకాలంల జెప్పిన గద!"

నిజమే, చెప్పింది. మాస్కులు వచ్చేదాకా మోటారు వేయలేదు. ఆ శుక్రవారం నేనూ ఒక్కపొద్దు ఉన్నాను.