బల్బుకు పట్టిన మసి

మొన్న అటక సర్దుతుంటే, లోపలంతా నల్లబడిన పాత బల్బొకటి చేతికొచ్చింది. ఊపి చూడడానికి మనసొప్పక అలాగే పక్కన పెట్టేశాను.

యుద్ధం రోజుల్లో, కడపలో మా ఇంటికంతా ఒక్కటే బల్బు. అది రాకముందు లాంతరు గ్లాసుకు పట్టిన మసిని రోజూ బూడిదతో తుడవడం నా పని. కొన్నాళ్ళకు బల్బు కూడా నల్లబడసాగింది. పని ఎగ్గొట్టానని అమ్మ తిడుతుందేమోనని భయపడి, ఒక మధ్యాహ్నం స్టూలెక్కి, బూడిద అద్దిన గుడ్డతో గట్టిగా రుద్దాను. ఎంత రుద్దినా మసి వదల్లేదు. చేతులు పావడకు తుడుచుకున్నాను గానీ, వెలిగించి చూసే ధైర్యం చాలలేదు.

సాయంత్రం నాయన స్విచ్చి వేశాడు. బల్బు వెలగలేదు. కొత్తది కావాలంటే మద్రాసు నుంచి రావాలి.

నాయన బల్బు విప్పి ఊపాడు. లోపల ఏదో సన్నగా గలగలమంది.

"ఏమైనాది? ఎవురన్నా ముట్టుకున్యారా?" అని అమ్మ అడిగింది.

"ఎవురూ ముట్టుకోలేదు. లోపలుండే తీగె కాగి కాగి అరిగిపోతాది. ఆ అరిగిందే గాజుకు నల్లగా అంటుకుంటాది. దీనికి కాలం తీరింది, అంతే" అంటూ నాయన బల్బును తువ్వాలుతో తుడిచాడు. నా వైపు చూడలేదు.

అరిగిన తీగె చిన్న కుదుపుకే తెగుతుందని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాయన తువ్వాలుకు అంటిన బూడిదను మాత్రం ఆ రోజే చూశాను.