జీడిగింజ టీకా

ఒక బస్సును ఒంటి చేత్తో ఖాళీ చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఈ ముక్కలు రాస్తున్నది ఆయనే. ఐదో తరగతితో బడి మానేశాను కాబట్టి నాకు తెలివి తక్కువని ఊళ్లో అందరూ అనేవాళ్లు. నేనొక్కణ్ణే ఒప్పుకునేవాణ్ణి కాదు. కోదాడలో బస్సు కిటికీల్లోంచి దూకి పరుగెత్తిన జనాన్ని చూశాక నేనూ ఒప్పుకున్నాను.

అప్పట్లో మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాల మూతులు కుట్టే పని నాది. పొద్దున్నించి సాయంత్రం దాకా చేతిలో జానెడు దబ్బనం. దాంతో ఎన్ని వేల బస్తాలను పొడిచానో లెక్కలేదు. నన్ను మాత్రం ఎవరైనా గుండుసూదితో పొడుస్తానంటే చాలు, ఊరవతల తేలేవాణ్ణి. పెళ్లయి ఏడాదైనా ఈ రహస్యం మా ఆవిడ సుగుణకు తెలియదు. తెలియకూడదనే నా తాపత్రయమంతా.

సుగుణది సూర్యాపేట. సముద్రం చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ కోరిక. వాళ్లన్న యాదగిరి, అంటే మా బావ, "బందరు పోయి మూడు దినాలుండొద్దాం బావా, నేను గూడ వస్త" అన్నాడు. మిల్లులో సెలవు దొరికింది. సుగుణ అటుకులు వేయించి డబ్బాకెత్తింది. అంతలో పల్లెల్లో మశూచి తిరుగుతోందని కబురు. బెజవాడ వైపు పోయే బస్సులను కోదాడలో ఆపి చేతులు చూస్తున్నారట. జబ్బ మీద టీకా పొంగు ఉంటే ముందుకు, లేకుంటే ఇంటికి.

బావ సూర్యాపేటలోనే టీకా వేయించుకున్నాడు. మేమిద్దరం దవాఖానకు పోయాం. ఆడవాళ్ల వరసలో సుగుణ చప్పుడు చేయకుండా వేయించుకుని బయటికి వచ్చేసింది. మగవాళ్ల వరసలో నేను. టీకా వేసే ఆయన ఒక ముళ్ల బిళ్లను జబ్బకు ఆనించి గిర్రున తిప్పుతున్నాడు. నా ముందున్న పహిల్వాన్ లాంటి మనిషి "అమ్మా" అన్నాడు. అంతటివాడే అమ్మను పిలిస్తే నేను మా వంశంలో ఎంతమందిని పిలవాలి? వెనక గుమ్మంలోంచి జారుకుని, గోడ చుట్టూ తిరిగి, జబ్బ పట్టుకుని మూలుగుతూ ముందు గుమ్మానికి వచ్చాను.

"ఏదీ, సూపియ్యి" అంది సుగుణ.

"ఇప్పుడేం కనబడదు. పొంగినంక సూడు."

"మంచిగ పొంగుతదా?"

"నాది పొంగుడు సూస్తే నువ్వే భయపడ్తవ్."

జీవితంలో నేను చెప్పిన జోస్యాల్లో నిజమైంది అదొక్కటే.

ఇక పొంగు పుట్టించాలి. బట్టలకు గుర్తులు పెట్టే నల్ల జీడిగింజ మీకు తెలుసు కదా. దాని రసం ఒంటికి తగిలితే బొబ్బ లేస్తుంది. బుద్ధి ఉన్నవాళ్లు దానికి దూరంగా ఉంటారు. నేను వెతుక్కుంటూ పోయి, బట్టలుతికే లింగయ్య మామ దగ్గర ఒక గింజ అడిగి తెచ్చుకున్నాను. చీపురుపుల్లతో జబ్బ మీద నాలుగు చుక్కలు పెట్టుకున్నాను. నొప్పి లేదు, రక్తం లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మురిసిపోతూ అవే వేళ్లతో మెడ గోక్కున్నాను, ముఖం తుడుచుకున్నాను.

ప్రయాణం నాటికి జబ్బ బూరెలా పొంగింది. అంతటితో ఆగితే బాగుండేది. మెడ మీద బొబ్బలు, చెంపల మీద బొబ్బలు, ఒక కన్ను సగం మూత. ఒళ్లు పెనంలా కాలుతోంది. మశూచి తల్లితో ఆటలాడినందుకు ఆమె నిజంగానే వచ్చి కూర్చుందేమో అనుకున్నాను.

"గిదేందయ్యా, టీకా ముఖానికి గూడ పొంగుతదా?"

"మందు మంచిగ పట్టిందే. బలమైన ఒళ్లు గద."

"మరి నాకు గింతే పొంగింది."

"నీది బక్క పానం."

సూర్యాపేట నుంచి ముందురోజే వచ్చిన బావ నా ముఖం ఒకసారి చూశాడు. బస్సులో మాకు నాలుగు సీట్ల అవతల కూర్చున్నాడు.

తలకూ మెడకూ తువ్వాల చుట్టుకుని కూర్చున్నాను. నేరేడుచర్ల దాటేసరికి తువ్వాల ముఖానికి అంటుకుంది. కోదాడలో బస్సు ఆగింది. కళ్లద్దాలు పెట్టుకున్న టీకాల ఇన్‌స్పెక్టరు ఎక్కి ఒక్కొక్కరి చేయి చూస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"తువ్వాలు తీయండి."

తీశాను. ఆయన వెనక్కి తిరగకుండానే మూడడుగులు వెనక్కి వేశాడు. "ఈయన్నెవరూ ముట్టుకోకండి. మశూచి."

ఆ మాట పూర్తయ్యేలోగా బస్సు ఖాళీ. డ్రైవరు ఇంజను ఆపకుండానే దూకాడు. అందరికన్నా ముందు మా బావ. మిగిలింది నేనూ, సుగుణా.

"దిగమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈయన్ని ఊరి బయట షెడ్డులో ఉంచుతాం. ఈ బస్సులో వచ్చినవాళ్లంతా పదిరోజులు ఇక్కడే ఆగాలి."

"నేను దిగ. ఆయనేడుంటే నేను గాడనే." నా చేయి పట్టుకుంది. "సముద్రం ఏడికి పోదులే. ముందుగాల నువ్వు బతుకు."

ముళ్ల బిళ్లకు తట్టుకోలేనివాణ్ణి, ఆ మాటకెలా తట్టుకుంటాను?

"సార్, ఇది తల్లి గాదు. జీడిరసం. టీకాకు భయపడి నేనే పెట్టుకున్న."

ఇన్‌స్పెక్టరు సుగుణ వైపు జాలిగా చూశాడు. "జ్వరం తలకెక్కిందమ్మా. ఇలాగే కలవరిస్తారు."

"కలవరింత గాదు సార్. చీపురుపుల్లతోని పెట్టుకున్న."

"చూశావా, చీపురుపుల్లంట."

అబద్ధాన్ని అందరూ నమ్మారు, నిజాన్ని నమ్మేవాడు లేడు. ఇక ఆ షెడ్డులోనే నా కథ ఖతమనుకున్నాను. అప్పుడు కింద నుంచి ఒక ముసలమ్మ గొంతు. నేరేడుచర్లలో బట్టలుతికే మనిషట, మాతోపాటే బస్సులో వచ్చింది.

"జర ఆగుండ్రి, నేను సూస్త. నాకు తల్లి చిన్నప్పుడే పోసిపోయింది, మల్ల రాదు." ఎక్కి వచ్చి నా జబ్బ తిప్పి చూసింది. "ఈ నల్ల మచ్చ సూడు సారూ. నా బతుకంతా బట్టలకు పెడ్తున్న, నాకు తెల్వదా. ఇది జీడే. తల్లయితే ఒళ్లంత పోస్తది. ఇది ఈయన గోక్కున్న తొవ్వెంబడే పోయింది."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత సంచీలోంచి ముళ్ల బిళ్ల తీశాడు.

"రెండో చేయి చాపవయ్యా."

డ్రైవరు భుజాలు పట్టుకున్నాడు, కండక్టరు నడుము పట్టుకున్నాడు. ఇప్పుడు ధైర్యం వచ్చిన మా బావ కాళ్లు పట్టుకున్నాడు. నా కేకకు పశువుల అంగట్లో ఎడ్లు తాళ్లు తెంపుకున్నాయని తర్వాత ఎవరో చెప్పారు. నేను ఖండించలేదు.

ఆ ముఖంతో బందరు పోనివ్వనని ఇన్‌స్పెక్టరు నన్ను మిర్యాలగూడ బస్సెక్కించాడు. "పోయి కొబ్బరినూనె రాస్కో" అని మాత్రం చెప్పి సుగుణ అన్నతో బెజవాడ వైపు సాగిపోయింది. బస్సు కదిలినప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని గుండె చెరువైంది. నవ్విందని తర్వాత బావ చెప్పాడు.

మూడోనాడు ఆమె తిరిగి వచ్చింది, సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకుని. రెండు జబ్బలూ వాచి, ముఖం నిండా నూనె కారుతూ, ఆ సీసా మీద చేయి వేసి ప్రమాణం చేశాను.

"సముద్రం సాచ్చిగ చెప్తున్న. ఇగ మల్ల గసుంటి పని చెయ్య. ఈ ఊర్ల ఎప్పుడు టీకాలేసినా వరసల అందరికన్న ముందు నేనే నిలబడ్త."

సుగుణ సీసాను నా చేతి కింద నుంచి మెల్లగా తీసుకుంది.

"ముందు మాత్రం నిలబడకు. నీ కేక ఇంటే ఎనకున్నోళ్లంత ఇండ్లకు పోతరు."